నామినీ గడిలో అమ్మ పేరు



విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లు టైమాఫీసులో నేను ముప్ఫై మూడేళ్లు గుమాస్తాగా పనిచేశాను. హాజరు పుస్తకాలు, జీతాల పట్టీలు, ఈఎస్‌ఐ చీట్లు, పీఎఫ్ కాగితాలు అన్నీ నా బల్ల మీదే ఉండేవి. కొత్తగా పనిలో చేరిన కుర్రాణ్ని ముందు నా దగ్గరికే పంపేవారు. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ అడిగినంతసేపూ బాగానే చెప్పేవాడు. "నీకేమైనా అయితే డబ్బు ఎవరికివ్వాలి?" అనేసరికి మొహం మారిపోయేది. పక్కన పెద్దవాళ్లెవరైనా ఉంటే, "శుభమా అని పన్లో సేరతంటే అదేటి బాబూ అలగంటారు?" అని నన్నే కోప్పడేవారు. కుర్రాడు మాత్రం నేల చూపులు చూస్తూ "మా అమ్మ పేరు రాసీండి" అనేవాడు. రాసేసేవాణ్ని. ఆ గడి నిండడానికి అర నిమిషం పట్టేది.

ఆ అర నిమిషం గురించే ఇవాళ నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. అప్పుడు రాసిన పేరు పదేళ్లకో ముప్ఫై ఏళ్లకో, రాయించినవాడు లేని రోజున, వాడి ఇంట్లోవాళ్ల ముందు విప్పి చదువుతారు. దాన్ని దిద్దాలంటే సంతకం పెట్టవలసిన మనిషి ఉండడు.

ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. పీఎఫ్ అని ఒక్క మాటలో అనేస్తాం గాని అందులో మూడు హుండీలున్నాయి. మొదటిది అసలు ప్రావిడెంట్ ఫండ్, 1952 నాటిది. కార్మికుడి జీతంలోంచి కొంత కోస్తారు, యజమాని అంతే కలుపుతాడు. మామూలుగా ఇది 12 శాతం. మా జూట్‌కీ, బీడీకీ, ఇటుకలకీ, కొబ్బరిపీచుకీ 10 శాతమే. రెండో హుండీ పెన్షన్. 1995 నవంబరు 16న మొదలైంది. దీనికోసం కార్మికుడి జీతంలోంచి విడిగా ఏమీ కోయరు. యజమాని వేసే వాటాలోంచే 8.33 శాతం అటు మళ్లిస్తారు. జీతం ఎంతున్నా మామూలుగా 15,000 మీదే లెక్క కట్టడంతో నెలకి 1,250 రూపాయలు అందులో పడితే అదే ఎక్కువ. మూడో హుండీ బీమా. ఈడీఎల్‌ఐ అంటారు, 1976 ఆగస్టు నుంచి ఉంది. దీనికీ ఉద్యోగి పైసా కట్టడు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంటివాళ్లకి ఇందులోంచి గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది.

ఈ మూడో హుండీ సంగతి చాలా ఇళ్లలో తెలియనే తెలియదు. జీతం చీటీలో కోత కనబడదు కదా, కోత కనబడనిదాన్ని మనం లెక్కలోకి తీసుకోం. పీఎఫ్‌కి ఫారం 20, పెన్షన్‌కి ఫారం 10-డి పెట్టుకుని, బీమాకి ఫారం 5-ఐఎఫ్ అనేది ఒకటుందని ఎవరూ చెప్పక తిరిగి వెళ్లిపోయిన ఆడవాళ్లని వెనక్కి పిలిచి సంతకం పెట్టించుకున్న రోజులున్నాయి.

హుండీలు మూడున్నా తాళాలు రెండే. నామినీ అనే మాట మూడుచోట్లా వినిపిస్తుంది గాని మూడుచోట్లా ఒకే అర్థంలో కాదు. ఈ తేడా నాకూ ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలియదు. తెలిసిన తర్వాత కూడా ఒకసారి పొరపాటు చేశాను. అది చెబుతాను.

2001లో స్పిన్నింగ్‌లో ఒక కుర్రాడు చేరాడు. తండ్రి లేడు. తల్లి కూలికి పోయి పెంచింది. నామినీ గడిలో అమ్మ పేరు రాయించాడు. నా చేత్తోనే రాశాను. 2006 మాఘమాసంలో వాడి పెళ్లి కుదిరింది. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మీరు తప్పకుండా రావాల బాబూ" అన్నాడు. వెళ్లాను. భోజనం చేశాను, యాభై ఒక్క రూపాయలు చదివించాను. సోమవారం ఆఫీసుకొచ్చి కూర్చున్నాను. అదే బల్ల సొరుగులో నామినేషన్ రాసే ఖాళీ ఫారం 2 కట్ట ఉంది. ఒకటి తీసి, వాణ్ని పిలిచి, కొత్త పేరు రాయించాలన్న ఆలోచన నాకు రాలేదు.

2012లో సి షిఫ్టు దిగి సైకిలు మీద ఇంటికి పోతుంటే వాణ్ని లారీ గుద్దేసింది. ఇద్దరు పిల్లలు. పెద్దది పిల్ల, రెండోవాడికి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు.

పదకొండో రోజు కార్యం అయ్యాక అత్తా కోడలూ ఒకే బస్సులో వచ్చారు. ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో పిల్లవాడు. టిఫిను గిన్నె ఒకటే తెచ్చుకున్నారు. నేను ఫైలు తీసి కాగితాలు తిరగేస్తుంటే ఆ తల్లి, "నా కొడుకు నా పేరే ఎట్టినాడు బాబూ. మీరే గదా రాసినారు" అంది. అవును, నా అక్షరాలే. నీలం సిరా కాస్త వెలిసింది గాని పేరు స్పష్టంగానే ఉంది. కోడలు ఏమీ అనలేదు. పిల్లవాడి చొక్కా గుండీ పెడుతూ చాలాసేపటికి, "మరైతే ఈల్లకేటి బాబూ?" అంది.

అప్పుడు స్కీము పుస్తకం తీసి చదివాను. 61వ పేరా. పెళ్లయిన తర్వాత సభ్యుడు కొత్తగా నామినేషన్ ఇచ్చుకోవాలి, పెళ్లికి ముందు ఇచ్చినది చెల్లనట్టే లెక్క అని అందులో ఉంది. ఆ శుభలేఖని నేను భోజనానికి పిలుపుగా చదివాను, చట్టం దాన్ని పాత కాగితానికి చెల్లుచీటీగా చదివింది. కాబట్టి ఆ ఫైలులో తల్లి పేరు ఉందిగాని లేనట్టే. భార్య పేరు ఎక్కడా లేదు. సరైన నామినేషన్ లేకుండా పోయిన మనిషి కింద అతని కేసు తేలింది.

అలాంటప్పుడు పీఎఫ్ డబ్బు కుటుంబంలో అందరికీ సమంగా పంచుతారు. కుటుంబం అంటే భార్య, పిల్లలు, ఆ మనిషి సంపాదన మీద ఆధారపడిన తల్లిదండ్రులు, చనిపోయిన కొడుకు ఉంటే అతని భార్యాపిల్లలు. ఇక్కడ భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. నాలుగు సమాన వాటాలు. పిల్లల వాటా సంరక్షకురాలిగా వాళ్ల అమ్మ చేతికే వస్తుంది. అంటే తల్లికి ఒక వంతు, కోడలి చేతికి మూడు వంతులు. బీమా కూడా పీఎఫ్ బాటలోనే నడుస్తుంది. పెన్షన్ సంగతి వేరు. అందులో తల్లికి ఏమీ లేదు.

ఈ లెక్క చెప్పాక ఆ తల్లి చాలాసేపు ఆ కాగితం వైపే చూసింది. ఆమెకి చదువు రాదు, వేలిముద్రే. అయినా తన పేరు ఎక్కడుందో తెలుసు, కొడుకు ఎప్పుడో చూపించాడట. "ఉన్న పేరు లేదంతారేటి?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఎంఆర్‌వో ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెమ్మన్నాం. నామినేషన్ సరిగ్గా ఉంటే దాని పని అంత పడేది కాదు. దాని చుట్టూ తిరగడానికే చాలా రోజులు పట్టింది. తర్వాత మరణ ధ్రువపత్రంలో ఒక అక్షరం తేడా, దానికి ఇంకొన్నాళ్లు. డబ్బు చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. మొదటిసారి ఒకే బస్సులో వచ్చినవాళ్లు ఆఖరిసారి వేర్వేరు బస్సుల్లో వచ్చారు. బెంచీకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. డబ్బు ఎవరికెంత రావాలో చట్టం సరిగ్గానే తేల్చింది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ ఏడు నెలలూ ఆ ఇంట్లో ఎవరేం అనుకున్నారో చట్టానికి అక్కరలేదు. ఫారం 2 మీద నేను అర నిమిషం పెట్టి ఉంటే ఆ ఏడు నెలలు ఉండేవి కావు.

అప్పటినుంచి నాకు ఒక అలవాటు పట్టుకుంది. మిల్లులో ఎవరు శుభలేఖ తెచ్చిచ్చినా, "ఇదిగో నా చదివింపు" అని ఒక ఫారం 2 చేతిలో పెట్టేవాణ్ని. నవ్వుకునేవారు. నవ్వుకున్నా నింపి ఇచ్చేవారు.

ఇప్పుడు పెన్షన్ హుండీ దగ్గరికి వద్దాం. అందరూ తప్పుగా అనుకునేది ఇక్కడే. పెన్షన్‌ని నాకు నచ్చినవాళ్లకి రాసిచ్చేస్తాననుకుంటారు. కుదరదు. భార్య లేదా భర్త, పిల్లలు ఉన్నంతవరకు ఆ పెన్షన్ వాళ్లదే. మీరు ఇంకెవరి పేరు రాసినా ఆ హుండీ దాన్ని చూడదు. పెన్షన్ స్కీములో కుటుంబం అన్న మాటకి అర్థం పీఎఫ్‌లో కంటే ఇరుకు: భార్య, భర్త, పిల్లలు. అంతే. తల్లిదండ్రులు అందులో లేరు.

ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే, ఒక్క నెల పెన్షన్ వాటా పడి ఉన్నా చాలు, భార్యకి పెన్షన్ వస్తుంది. పదేళ్ల సర్వీసు అన్న షరతు మనిషి బతికి ఉండి తన పెన్షన్ తను తీసుకోవడానికే. ఈ ఒక్క ముక్క తెలియక, "మా ఆయన చేరి రెండేళ్లేనండి, మాకు రాదట" అని ఎవరో చెప్పిన మాట విని ఊరుకున్నవాళ్లు ఉన్నారు. దయచేసి ఊరుకోకండి. భార్య పెన్షన్‌తో పాటు ఇద్దరు పిల్లలకి, ఒక్కొక్కరికి ఆమె పెన్షన్‌లో పాతిక శాతం చొప్పున, ఇరవై అయిదేళ్లు నిండేదాకా ఇస్తారు. పెద్దవాడి వయసు దాటితే, మూడో పిల్ల ఉంటే ఆ వరస ఆ పిల్లకి వస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లలకి పాతిక కాదు, డెబ్బయి అయిదు శాతం. బిడ్డకి శాశ్వతమైన పూర్తి వైకల్యం ఉంటే వయసుతో పనిలేకుండా జీవితాంతం ఇస్తారు. అలాంటి బిడ్డ ఉన్నవాళ్లు కుటుంబ వివరాల్లో ఆ సంగతి ఇప్పుడే రాయించుకోవాలి. తర్వాత రాయించేవాళ్లు ఎవరో ఏమో.

మొత్తం ఎంతొస్తుందని అడిగితే మాత్రం నాకు చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది. 2014 సెప్టెంబరులో కనీస పెన్షన్ నెలకి 1,000 రూపాయలుగా పెట్టారు. మా మిల్లు ఆడవాళ్లలో చాలామందికి దానికి అటూ ఇటూగానే వచ్చేది. బియ్యానికి, కరెంటు బిల్లుకి సరిపోతుంది. అయినా నెలనెలా తన పేరు మీద బ్యాంకులో పడే డబ్బు వేరు, కొడుకు చేతిలో పెట్టే డబ్బు వేరు. ఆ తేడా చెప్పాలంటే వాళ్లే చెప్పాలి.

ఇందులో ఒక నియమం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. భర్త పోయినావిడ మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె పెన్షన్ ఆగిపోతుంది. పిల్లలకి మాత్రం అనాథల రేటుకి పెంచి ఇస్తారు. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఆ నేల మీద నిలబడి, "మళ్లీ పెళ్లి చేసుకుంటివా, వెయ్యి రూపాయలు పోతాయి తల్లీ" అని ఇరవై ఆరేళ్ల పిల్లకి చెప్పవలసి రావడం నాకు సిగ్గనిపించేది. చెప్పకుండా ఉంటే ఇంకా తప్పు, రేపు వసూలు నోటీసొస్తుంది. చెప్పేవాణ్ని.

ఇక పెళ్లికాని కుర్రాళ్లు, అమ్మాయిలు. ఈ నామినీ గడి అందరికంటే ఎక్కువ అవసరం వీళ్లకే. ఫారం 2లో రెండు భాగాలుంటాయి. 'ఎ' పీఎఫ్‌కి, 'బి' పెన్షన్‌కి. మేం 'ఎ' నింపి 'బి' ఖాళీగా వదిలేసేవాళ్లం, లేకపోతే "పైదే" అని గీత గీసేవాళ్లం. భార్యాపిల్లలు ఉన్నవాడికి దానివల్ల పెద్ద నష్టం లేదు, కుటుంబం ఎలాగూ ఉంది. పెళ్లికానివాడి విషయంలో అది నష్టమే. భార్య, పిల్లలు లేని మనిషి పెన్షన్‌కి ఒకరిని నామినీగా పెట్టుకోవచ్చు. అతను పోతే, భార్య ఉండి ఉంటే ఎంతొచ్చేదో అంత ఆ నామినీకి వస్తుంది. ఎవరినీ పెట్టకపోతే అతని మీద ఆధారపడిన తండ్రికి, తండ్రి తర్వాత తల్లికి. అమ్మకే నేరుగా అందాలని అనుకునేవాడు అమ్మ పేరు ఆ రెండో భాగంలో కూడా రాయాలి. మొదటి భాగంలో రాసింది రెండోదానికి పాకదు.

అన్నదమ్ముల సంగతి ఒకటి. మనవైపు అన్నయ్య చదివించి, పెళ్లిళ్లు చేసి, ఇల్లు నిలబెట్టిన కుటుంబాలు ఎన్నో. "మా అన్నయ్య పేరు రాయండి, ఆయనే నాకు దేవుడు" అనేవారు. దేవుడే కావచ్చు, పీఎఫ్ చట్టంలో మాత్రం అన్నయ్య కుటుంబం కాదు. భార్యో, పిల్లలో, తన మీద ఆధారపడిన అమ్మానాన్నో ఉండగా అన్న పేరు, చెల్లెలి పేరు రాస్తే అది చెల్లదు. వీళ్లెవరూ లేనివాడు ఎవరి పేరైనా రాసుకోవచ్చు. వాడికి రేపు పెళ్లయితే అదీ చెల్లదు, మళ్లీ రాయాలి. ఒక్కోసారి కుటుంబంలో ఉన్నవాళ్లు కూడా తప్పిపోతారు. నామినేషన్ లేక సమంగా పంచే సందర్భంలో, మేజరైన కొడుకులకీ, భర్త బతికి ఉన్న కూతుళ్లకీ వాటా లేదు. తలకొరివి పెట్టిన పెద్దకొడుకు "నా వాటా ఏదీ?" అని మా ఆఫీసులో గొంతు పెంచిన రోజులున్నాయి. అదే తండ్రి బతికి ఉండగా ఆ కొడుకు పేరు, కూతురి పేరు ఇంత శాతమని రాసి ఉంటే వాళ్లకి దక్కేది. రాసుకునే హక్కు ఆయనకుంది, రాయలేదు.

ఆడవాళ్ల గురించి వేరే చెప్పాలి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎంతోమందికి పీఎఫ్ ఖాతాలున్నాయి. మగవాళ్లు దుబాయికో, మస్కట్‌కో పోయిన ఇళ్లలో ఆ బీడీల చాటే ఇల్లు నడుపుతుంది. పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లూ అంతే. వాళ్ల మాటెత్తితే అందరూ వాళ్లని భర్తకి నామినీగానే చూస్తారు గాని, వాళ్లే సభ్యులన్న సంగతి మరిచిపోతారు. భార్య పోతే ఆమె సర్వీసు మీద భర్తకీ పెన్షన్ వస్తుంది, 1995 స్కీములో ఆ హక్కు ఉంది. అడగడానికి నామోషీ పడి కొందరు రారు. ఇంకొకటి. భర్తతో పొసగక విడిగా ఉంటూ పిల్లల్ని సాకుతున్న ఆవిడ, నా పీఎఫ్ విషయంలో నా భర్తని కుటుంబంలో లెక్కించవద్దని రాతపూర్వకంగా తెలియజేయవచ్చు. ఆ వీలు చట్టమే ఇచ్చింది. అలా రాయించడానికి నా ఉద్యోగ కాలంలో ఇద్దరే వచ్చారు. రెండోసారి వచ్చినావిడ తలుపు దగ్గరగా వేయమంది.

నెలజీతం సర్కారు ఉద్యోగులు ఇదంతా మిల్లు గొడవ అనుకోనక్కరలేదు. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసు తేల్చింది. కేంద్రప్రభుత్వ ఉద్యోగి ఒకాయన 2000లో చేరినప్పుడు తల్లిని నామినీగా పెట్టాడు. 2003లో పెళ్లయింది. మిగతా కాగితాల్లో భార్య పేరుకి మార్చాడు గాని, జనరల్ ప్రావిడెంట్ ఫండ్ ఒక్కదాంట్లో మార్చడం జరగలేదు. 2021లో ఆయన పోయాడు. అత్తా కోడళ్ల తగవు ట్రిబ్యునల్ నుంచి హైకోర్టుకీ, అక్కడి నుంచి ఢిల్లీకీ వెళ్లింది. చివరికి తల్లికి సగం, భార్యకి సగం. జీపీఎఫ్ నియమాలు వేరు, మన పీఎఫ్ నియమాలు వేరు. కథ మాత్రం నా బెంచీ మీద కూర్చున్న అత్తా కోడళ్లదే. వాళ్లకి ఏడు నెలలు, వీళ్లకి నాలుగేళ్లు.

ఇంకో మాట కూడా కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. జీవిత బీమా పాలసీ విషయంలో 1983లోనే సుప్రీంకోర్టు, నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యే, ఆ డబ్బు వారసులందరిదీ అంది. ఊరిమాటలో చెప్పాలంటే, పెళ్లిలో చదివింపులు రాసేవాడి దగ్గరికి డబ్బంతా చేరుతుంది గాని అది వాడిది కాదు కదా. నామినీగా పేరుంది కాబట్టి ఇంక ఎవరికీ చెప్పక్కరలేదని అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

ఇప్పుడు కాగితం పోయింది. పన్నెండు అంకెల యూఏఎన్ నంబరుతో ఎవరి నామినేషన్ వాళ్లే ఫోనులో, కంప్యూటర్లో పెట్టుకోవచ్చు. మా గుమాస్తాల పని తప్పింది. దాంతోపాటు, ఎదురుగా కూర్చుని "నీకేమైనా అయితే" అని అడిగే మనిషి కూడా లేకుండా పోయాడు. ఆ ప్రశ్న ఇప్పుడు ఎవరికి వాళ్లు వేసుకోవాలి.

అక్కడ మన తెలుగువాళ్లకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది: ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పీఎఫ్‌లో ఒక్క పొడి అక్షరం. ఒకచోట ముందు, ఒకచోట వెనక. పెళ్లయిన అమ్మాయికి ఒక కాగితంలో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో అత్తింటి పేరు. అప్పలనర్సమ్మ అన్న పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో మా రిజిస్టర్లు చూస్తే తెలిసేది. 'టి' తర్వాత 'హెచ్' ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద మనిషి పోయాక మూడు నెలలు గడిచిపోతాయి. బతికి ఉండగా అయితే దిద్దుకోవచ్చు.

మొన్న కార్తీకమాసంలో హైదరాబాదు వెళ్లి మా అన్నయ్య కొడుకు గదిలో దిగాను. మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం. రాత్రి భోజనాలయ్యాక, "ఒరే, నీ పీఎఫ్‌లో నామినీ ఎవర్రా?" అన్నాను. "తెలీదు బాబాయ్, హెచ్ఆర్ వాళ్లు పెట్టే ఉంటారు" అన్నాడు. తెరిపించాను. ఎవరూ పెట్టలేదు. వాడి ఫొటో కూడా ఎక్కించలేదు, అదిలేకపోతే ముందుకు పోనివ్వదు. పాస్‌బుక్కులో పెన్షన్ గడి అంతా సున్నాలు. వాడు కంగారుపడ్డాడు. 2014 సెప్టెంబరు తర్వాత మొదటిసారి చేరి, పీఎఫ్ లెక్కకి తీసుకునే జీతం 15,000 దాటినవాళ్లకి ఈ పెన్షన్ ఉండదురా, నీకు పీఎఫ్, బీమా అంతే అని చెప్పాను.

ఫొటో ఎక్కించి, మేనేజ్ అన్నచోట నొక్కి, ఈ-నామినేషన్‌లోకి వెళ్లాడు. కుటుంబం ఉందా అని అడిగింది. పెళ్లికాలేదు కదా అని "లేదు" నొక్కబోయాడు. "ఆగరా. అమ్మానాన్నకి నెలనెలా డబ్బెవరు పంపుతున్నారు?" అన్నాను. "నేనే." "మరి?" అన్నాను. చేతిలో ఫోనుతో కాసేపు ఊరుకుని, "ఉంది" అన్నదాని మీద నొక్కాడు.

వాళ్లమ్మ ఆధార్ ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకున్నాడు. వాటా దగ్గర వందకి వంద అమ్మకే పెట్టాడు. "నాన్నకో?" అంటే, "నాన్న దగ్గరుంటే ఎవరో ఒకరు అప్పడిగేస్తారు బాబాయ్" అన్నాడు. అన్నయ్య సంగతి నాకూ తెలుసు, మాట్లాడలేదు. సేవ్ చేసి, అయిపోయిందని ఫోను పక్కన పెట్టబోయాడు. అవలేదు. ఆఖరున ఈ-సైన్ ఉంటుంది. ఆధార్‌కి ముడిపడిన ఫోనుకి నంబరొస్తుంది, అది కొడితేనే సంతకం పడినట్టు. చాలామంది సేవ్ దగ్గరే ఆగిపోతారు. అది సంతకం లేని కాగితంతో సమానం.

నంబరు పంపించామని వచ్చింది. వాడి ఫోనులో ఏమీ రాలేదు. వాడి ఆధార్ చిన్నప్పుడు తీయించింది, దానికి ముడిపడిన ఫోను బొబ్బిలి దగ్గర మా ఊళ్లో అన్నయ్య జేబులో ఉంది. ఫోను చేశాడు. "నాన్నా, నీ ఫోనుకి ఆరంకెల నంబరొచ్చింది, చెప్పు."

"చెప్పనురా" అన్నాడు అన్నయ్య. "ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దని రేడియోలో రోజూ మొత్తుకుంటన్నారు. అయినా నువ్వు మా వాడివేనని గ్యారంటీ ఏటి?"

ఫోను నేను తీసుకున్నాను. "అన్నయ్యా, నేనే. పక్కనే ఉన్నాను. చెప్పు."

"దేనికిరా?"

నేను వాడి మొహం చూశాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "ఏదో ఆఫీసు పనన్నయ్యా" అన్నాను.

కళ్లజోడు వెతుక్కున్నాడు. మొదటిసారి చదివేసరికి గడువు దాటిపోయింది. రెండోసారి తొమ్మిదిని ఆరని చదివాడు. మూడోసారి వదినని పిలిచి ఫోను ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ ఒక్కొక్క అంకె నిదానంగా చెప్పింది, వాడు కొట్టుకున్నాడు.